నడుము కొలత మీద నాలుగో డిగ్రీ

మా వీధి చివర టైలరుకి కిందటేటికే మూడు డిగ్రీలున్నాయి. నాకున్నది ఒక్కటే, అదీ మా నాన్న చెవి మెలేసి చదివిస్తే వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ మాట ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు. ఉన్నమాటంటే ఉలుకెందుకు?

అతని షాపంటే ఇంటి ముందుగదే. నడిమధ్య ఓ పొడుగాటి చెక్కబల్ల, దాని మీద మూరెడు కత్తెర, అరిగిపోయిన సుద్దముక్కలు. గోడవార మిషను. బల్లకి ఆ పక్కన ఎత్తు స్టూలు మీద వాళ్ళావిడ. గుండీలు కుట్టేదీ, కాజాలు తీసేదీ, కొలతలు పుస్తకంలోకి ఎక్కించేదీ ఆవిడే. ఏ టైలరైనా పై అరలో బట్టల మూటలు పెట్టుకుంటాడు. ఇతను చదువుల పుస్తకాలు పెట్టుకున్నాడు. అన్నిటికీ మిగిలిన లైనింగు ముక్కలతో అట్టలు వేశాడు. గోధుమరంగువన్నీ చరిత్ర, నీలంవన్నీ అర్థశాస్త్రం. ఎవరైనా పండక్కో పెళ్ళికో పిల్లలకి బట్టలు కుట్టించుకుందామని వచ్చి తలెత్తి చూస్తే, లైబ్రరీలోకి వచ్చామేమో అనుకుని గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఇతని పదో తరగతి అయ్యీ అవగానే వాళ్ళ నాన్నకి చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. పదహారేళ్ళకే ఇతను మిషనెక్కాడు. ఇరవై రెండేళ్ళు తొక్కాక ఓ రోజు ఒక లాయరు కోటు కొలతలకి వచ్చి, చేతిలో ఉన్న దూరవిద్య కాగితం బల్ల మీద మర్చిపోయి వెళ్ళాడు. అందులో ఫీజు చూసి ఇతనికి నమ్మబుద్ధి కాలేదట. ఏడాది మొత్తానికి కలిపి నాలుగు ప్యాంట్ల కుట్టుకూలి. "ఇంత చవగ్గా దొరుకుతుంటే చదవకపోవడం దుబారా మాస్టారూ" అన్నాడు నాతో. ఇంటరు లేకపోయినా ఎంట్రన్సు రాసి బీఏలో చేరాడు. ఆదివారాలు క్లాసులు, మిగతా రోజులు మిషను పక్కన పుస్తకం.

ఆ తర్వాత డిగ్రీలన్నీ షాపులో పుట్టిన అనుమానాల్లోంచి వచ్చినవే. కోటు చేతికి ఆ మూడు గుండీలెందుకు, పెట్టేదీ లేదు తీసేదీ లేదు కదా అని చరిత్ర ఎమ్మేలో చేరాడు. రెండేళ్ళు చదివినా గుండీల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. పోనీలెండి, రాజుల సంగతి తెలిసింది అన్నాడు. దారం రీలు ధర ఏడాదికి మూడుసార్లు ఎందుకు పెరుగుతోందని అర్థశాస్త్రం చదివాడు. దారం ధర తగ్గలేదు గానీ, పెరిగినప్పుడల్లా కారణం చెప్పి మరీ కుట్టుకూలి పెంచడం మొదలెట్టాడు. వీధిలో అందరూ అతన్ని డిగ్రీల టైలరు అనేవారు.

వాళ్ళ బావమరిది వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "బావా, ఇన్ని చదివావు కదా, ప్యాంటుకి ఇంకో జేబు ఎక్కువ పెడతావా?"

"పెట్టచ్చు. అందులో పెట్టుకోడానికి నీ దగ్గరేముంది?" అనేవాడు ఇతను.

వాళ్ళావిడ మాత్రం తక్కువ తిందా. ఒంటికి నూటమూడు డిగ్రీలొస్తే డాక్టరు దగ్గరికి పరిగెడతాం, ఈయన మూడు ఒంట్లో పెట్టుకుని ఇంకోటి కావాలంటున్నాడు అని నాకు చెప్పుకుని నవ్వేది. నవ్వుతూనే పరీక్షల వారం గుండీలతో పాటు అంచులు కూడా తనే కుట్టేసేది.

ఆ ఇంకోటి మనస్తత్వశాస్త్రం. అనుమానం ఏమిటంటే, నడుమెంత అనడిగితే మనుషులు ఎందుకు తగ్గించి చెబుతారని. భుజం తగ్గించి చెప్పరు, చెయ్యి తగ్గించి చెప్పరు, నడుము దగ్గరికొచ్చేసరికి అందరూ సన్నబడిపోతారు. ఆ చదువులో చివర్న ఒక ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. ఇతనికి వెతుక్కోనక్కర్లేకుండా పోయింది. కొలతల పుస్తకంలో కొత్త గడి ఒకటి గీసి, "తాను చెప్పింది" అని పైన రాశాడు. పాత గడి "కొలత" ఎలాగూ ఉంది. రెండేళ్ళలో రెండువందల పన్నెండు మంది చేరారు. పేర్లు లేకుండా, వయసూ వృత్తీ మాత్రం. వాళ్ళమ్మాయి ఒక ఆఫీసులో టైపు పని చేస్తుంది. పుస్తకం ముందు పెట్టుకుని మొత్తం కంప్యూటర్లో ఎక్కించి, పట్టికలు వేసి, సగటులు తీసిచ్చింది.

ఇక్కడో చిక్కుంది. ఆ కోర్సుకి పేరు రాసుకున్న రోజు నుంచి నాలుగేళ్ళే గడువు. స్కూలు యూనిఫారాల కుట్టుపనీ పరీక్షలూ ఎప్పుడూ ఒకే నెలలో వచ్చి, రెండేళ్ళు ఇతను పరీక్షలే రాయలేకపోయాడు. అలా జరిగి జరిగి నాలుగో ఏడు చివరికొచ్చింది. శనివారం సాయంత్రం ఐదింటిలోగా రిపోర్టు అందకపోతే, అప్పటిదాకా ప్యాసైన పేపర్లన్నీ నీళ్ళపాలే. అయితే భయమేమీ లేదు. గైడు మేడం చదివి సంతకం కూడా పెట్టేసింది. బుధవారం పొద్దున్నే అచ్చుతప్పులు చూడమని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను ఎర్రకలం పట్టి కూర్చున్నాను. మొదటి ముప్ఫై పేజీలూ బాగా రాశాడు. చివర్న తేలిందేమిటంటే, మనుషులు తమ నడుము గురించి అబద్ధం ఆడరట. రెండువందల పన్నెండు మందిలో ప్రతి ఒక్కరూ చెప్పిందీ, కొలతా అక్షరాలా ఒకటేనట. పట్టికలో అరవై ఒకటో వరస: రిటైర్డ్ టీచరు, అరవై ఆరేళ్ళు, చెప్పింది ముప్ఫై నాలుగు, కొలత ముప్ఫై నాలుగు. చూశావా, నేనేం మారలేదు అని మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను. కిందటేడు రెడీమేడ్ షాపులో ముప్ఫై నాలుగు ప్యాంటు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతే, కంపెనీల వాళ్ళు గుడ్డ మిగుల్చుకుంటున్నారని నేను తిట్టిపోసిన సంగతి ఆవిడ గుర్తుచేసింది. అది వేరే విషయం అన్నాను.

అరవై రెండో వరస దగ్గర కలం ఆగిపోయింది. బేకరీ ఓనరు, యాభై ఏళ్ళు, కొలత ముప్ఫై ఆరు. ఆ బేకరీ ఓనరు నాకు తెలుసు. బస్సెక్కితే ఇద్దరి సీటు పట్టాలి. నా వరస ఎంత తేలిగ్గా నమ్మానో, అతని వరస అంత తేలిగ్గా మింగుడుపడలేదు.

రిపోర్టు చంకన పెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఈ బేకరీ ఆయనది ముప్ఫై ఆరు ఎలా అయిందోయ్ అనడిగాను. టైలరు పట్టిక చూశాడు, లేచి కొలతల పుస్తకం తీశాడు. పుస్తకంలోనూ ముప్ఫై ఆరే ఉంది. పక్కన ఆరు చుక్కలున్నాయి. అతని మొహం పాలిపోయింది. పాపం వాళ్ళమ్మాయి చుక్కల్ని సిరా మరకలనుకుని వదిలేసింది.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. అది వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. నడుమెంత అని ముందు మనిషినే అడుగుతారు. టేపులో ఎంతొచ్చినా, ఆ మనిషి చెప్పిన అంకెనే పైకి గట్టిగా అంటారు. ఎన్ని అంగుళాలు ఎక్కువొస్తే అన్నిసార్లు కత్తెర పిడితో బల్ల మీద టక్కుమనిపిస్తారు. స్టూలు మీదున్న మనిషి అంకె రాసి, పక్కన అన్ని చుక్కలు పెడుతుంది. ప్యాంటు సరిగ్గా పడుతుంది, మనిషి మనసూ నొచ్చుకోదు. పాతికేళ్ళుగా ఆ చప్పుడు వింటున్నాను, అతనికి చేతులూరుకోవనుకున్నాను. నా వరస పక్కన ఎన్ని చుక్కలున్నాయో నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

"మరి పట్టిక ఇలా వచ్చినప్పుడు నీకు అనుమానం రాలేదా?" అన్నాను.

"వచ్చింది మాస్టారూ. కానీ లెక్క కదా. నా అనుభవమే తప్పేమో, మనుషులు మంచివాళ్ళేనేమో అనుకున్నా. సంతోషం కూడా వేసింది."

చుక్కలంటే ఏమిటో కూతురికి చెప్పాలని కూడా తోచలేదట. ఊపిరెలా పీల్చాలో ఎవరైనా చెబుతారా అన్నాడు.

నేను పెద్దవాణ్ణి కదా, పెద్దమనిషి సలహా ఇచ్చాను. సంతకం అయిపోయింది, గడువు మూడ్రోజులుంది, నోరు మూసుకుని ఇచ్చెయ్ అన్నాను. వాళ్ళావిడ కూడా అదే మాట. కాకపోతే ఆవిడ కారణం వేరు. దిద్దాలంటే చప్పుడు సంగతి రిపోర్టులో రాయాలి. రాస్తే గుట్టు బయటపడుతుంది.

"ఈ ఇంటికొచ్చిన మొదటి వారం మావయ్యగారు నాకు చెప్పిన మాట ఒకటే" అంది ఆవిడ, సూది కిందపెట్టి. "మనిషి నడుము సంగతి ఈ బల్ల దాటకూడదమ్మా అన్నారు. ఇప్పుడు మీరు దాన్ని అచ్చేయించి ఊరికి పంచుతానంటున్నారు."

పేర్లు లేవు కదా అన్నాడతను. పేర్లు లేకపోయినా చప్పుడు ఉంటుంది కదా అంది. రేపట్నించి ప్రతివాడూ చెవి బల్లకి ఆనించి కొలతలిస్తాడు అంది. అందులో అబద్ధమేమీ లేదు. అతను కాసేపు టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఉద్యోగం కోసమైతే కాగితం చాలు. నాకు ఉద్యోగం ఎవడిస్తాడు, నేనెవణ్ణడిగాను? తెలుసుకుందామని కదా చదివింది. తెలిసిందాన్ని వదిలేసి తెలియనిదాన్ని రాసిచ్చి డిగ్రీ తెచ్చుకుంటే, దాన్ని ఈ అరలో ఎక్కడ పెట్టుకోను?"

ఆవిడ సూది తీసుకుని గుండీ కుట్టుకుంది. దిద్దకుండా అయితే ఇవ్వను, పోతే పోయిందని అతనూ మిషను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. నాలుగేళ్ళ చదువు అలా బల్ల మీద పడి ఉంది. నేను మెల్లిగా చెప్పులేసుకుని బయటపడ్డాను.

గురువారం మనసొప్పక పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. షాపు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నించి టక్కు, టక్కు అని వినిపిస్తోంది. తోసి చూస్తే, అమ్మాయి సెలవు పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది. వాళ్ళమ్మ స్టూలు మీద పుస్తకం తెరిచి, అంకె చదువుతోంది, చుక్కలున్నచోట కత్తెర పిడితో బల్ల మీద కొడుతోంది. అమ్మాయి విని కలుపుకుని ఎక్కిస్తోంది. చుక్కలెన్నో నోటితో చెబితే సరిపోతుంది కదమ్మా అంటే, "నోటితో చెప్పనని మాటిచ్చాను మాస్టారూ" అంది.

టైలరు నేల మీద కూర్చుని కొత్తగా మూడో అధ్యాయం రాస్తున్నాడు. చప్పుడు సంగతంతా రాశాడు. తన తండ్రి పెట్టిన పద్ధతనీ, అది మోసం కాదు మర్యాదనీ, దాని వల్లే తన లెక్క మొదటిసారి తప్పిందనీ కూడా దాచకుండా రాశాడు. అరవై ఒకటో వరస వచ్చినప్పుడు నేను మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాను. అయినా వినిపించింది. నాలుగు.

మొత్తం తేలేసరికి నిజం చెప్పినవాళ్ళు ఎనిమిది మంది. శనివారం మధ్యాహ్నం గైడు మేడం కొత్త పేజీలన్నీ చదివి, నవ్వి, మళ్ళీ సంతకం పెట్టింది. ఐదింటికి ఇరవై నిమిషాలుందనగా రిపోర్టు అందింది.

నెల తర్వాత వైవా. బయటినుంచి ఒక ప్రొఫెసరుగారొచ్చారు. భారీ మనిషి, కోటు గుండీ ప్రాణం ఉగ్గబట్టుకుని ఉందని టైలరు తర్వాత చెప్పాడు. ఆయన రిపోర్టు తిరగేసి, మీ టేపు తెచ్చారా అనడిగారట. టైలర్ని పట్టుకుని అదేం ప్రశ్న? జేబులోంచి తీశాడు. నాది ముప్ఫై ఎనిమిది, కొలవండి అని లేచి నిలబడ్డారట. కొలిచాడు. "ముప్ఫై ఎనిమిది" అని పైకన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. చెయ్యి ఊరుకోలేదు. పెన్ను తీసుకుని ఆయన బల్ల మీద టక్, టక్, టక్, టక్. నాలుగోది కొట్టాక గానీ తనేం చేశాడో తెలియలేదట.

ఆయన నెమ్మదిగా కూర్చుని, కోటు గుండీ విప్పుకుని, "మీ మూడో అధ్యాయం సరిగ్గానే ఉంది" అన్నారట.

సెకండ్ క్లాసులో ప్యాసయ్యాడు. మనస్తత్వశాస్త్రం పుస్తకాలన్నీ బూడిదరంగు లైనింగుతో పై అరలోకి ఎక్కాయి. పక్కన జానెడు చోటు ఖాళీగా ఉంచాడు. ఈసారి ఏమిటోయ్ అంటే, గుండీల సంగతి ఇంకా తేలలేదు కదా మాస్టారూ అన్నాడు. బావమరిది ఈ మధ్య జేబు పాట మానేశాడు. అతని వరసా పట్టికలో ఉందని ఎవరో చెప్పారట.

మొన్న ప్యాంటు గుడ్డ తీసుకుని వెళ్ళాను. నడుమెంత మాస్టారూ అన్నాడు. ముప్ఫై నాలుగు అన్నాను. నవ్వకుండా టేపు వేశాడు. "ముప్ఫై నాలుగు" అని గట్టిగా అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాను. కత్తెర కదల్లేదు. బల్ల మీద చప్పుడు లేదు. దగ్గు లేదు, సైగ లేదు, అతను కనీసం ఆవిడ వైపు చూడనన్నా లేదు.

ఆవిడ మాత్రం స్టూలు మీద తలొంచుకుని చాలాసేపే రాసుకుంది. ప్యాంటు నిన్న ఇచ్చారు. అతికినట్టు సరిపోయింది.