వినికిడి కోర్సు

మా అక్కకు ఎడమ వైపు నేను తప్ప ఎవరూ కూర్చోకూడదు. భోజనాల బల్ల దగ్గర కూడా ఆ పక్క గోడే ఉండాలి. అమ్మ దీన్ని పొగరు కింద జమకట్టింది. "పిలిస్తే పలకదు. డాక్టరేటు రాకముందే ఇంత టెక్కు, వచ్చాక మనల్ని గుర్తుపడుతుందంటావా?" అనేది. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. చిన్నప్పటి నుంచి వయొలిన్ గడ్డం కింద ఇరికించుకుని వాయించీ వాయించీ, ఆ మోతంతా పడిన ఎడమ చెవి మొద్దుబారిపోయింది.

అక్క పాశ్చాత్య సంగీతం బడిలో పాఠాలు చెబుతుంది. పంతులమ్మకు చెవి పోయిందంటే పిల్లల్ని ఎవరు పంపుతారు? అందుకే దాచింది. దొంగసొత్తు దాచినవాళ్లు కూడా అంత భయపడరు.

పీహెచ్‌డీ సగంలో ఉండగా అక్క చేరిన యూనివర్సిటీ సంగీతంలో పరిశోధనే ఎత్తేసింది. ఇంకో చోట చేరాలంటే, పాతచోట చదివిన కోర్సుల క్రెడిట్లన్నీ కొత్తచోటివాళ్లు ఒప్పుకోవాలి. ఒక్కటి తగ్గినా సీటు ఉండదు. నలభై దాటిన మనిషికి మళ్లీ సీటెవరిస్తారు?

అడగడానికి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకుంది. ఎడమ వైపు నుంచి ఎవరైనా మాట్లాడితే మోకాలితో పొడవడం నా పని.

ఏ కోర్సు చెల్లుతుందో తేల్చే ప్రొఫెసరుగారి గది ఇరుకు. అల్మరా మీద దుమ్ముకొట్టుకుపోయిన వయొలిన్ పెట్టె. మనిషి నాకు చూడగానే గిట్టలేదు. తిన్నగా చూడడు, మెడ పట్టేసినట్టు ముఖం పక్కకు తిప్పి మాట్లాడతాడు. చదువు ఎక్కువైతే ఇంతే అనుకున్నాను.

"చరిత్ర ఒప్పుకున్నాం. కచేరీలు ఒప్పుకున్నాం. వినికిడి కోర్సు మాత్రం పాతబడిపోయిందమ్మా. మళ్లీ పరీక్ష రాయాలి. పియానో మీద వాయిస్తారు, విన్న స్వరాలు విన్నట్టు రాసెయ్యడమే. మీకు మంచినీళ్లు తాగినంత పని" అన్నాడాయన.

అక్క కుర్చీ అంచుకు జరిగింది. "పియానో ఎటువైపు ఉంటుంది సార్?"

"ఎటుంటే ఏముంది?" అని నవ్వాడు. "పరీక్షంటే భయమైతే ఇంకో దారుంది. ఆ కోర్సు ఒక టర్ము మీరే చెప్పండి. పిల్లలు చుట్టూ కూర్చుని పాడతారు. ఎవరు శ్రుతి తప్పారో పట్టుకుంటే చాలు, క్రెడిట్ ఇచ్చేస్తాం."

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. చుట్టూ కూర్చుని పాడతారట! అక్క చెయ్యి పట్టుకున్నాను. "ఆలోచించుకుని చెప్తాం సార్" అంటూ నేను లేచాను. ఆయన కూడా లేచి, కిటికీ తెర సర్దడానికి వెళ్లాడు. అక్క లేవలేదు.

"సార్, నాకు ఎడమ చెవి వినపడదు" అంది.

ఆయన ఉలకలేదు, పలకలేదు. తెర సర్దుతూనే ఉన్నాడు. అయిపోయింది, సీటు పోయింది, బడికీ తెలిసిపోతుంది అనుకున్నాను. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

"సార్! మా అక్క మీతోనే మాట్లాడుతోంది!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "ఏమన్నారమ్మా? కాస్త ఈ పక్కకొచ్చి చెప్పండి. నా ఎడమ చెవి పనిచెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ పెట్టెలో ఉన్నదాని పుణ్యమే."

అక్క అల్మరా వైపు చూసింది. తర్వాత లేచి, ఆయన కుడి పక్కకు వెళ్లి, అదే మాట మళ్లీ చెప్పింది. ఆయన తలాడిస్తూ విన్నాడు.

"పరీక్ష మాత్రం తప్పదమ్మా" అన్నాడు. "మీ కుర్చీ ఎటు వేయించమంటారో చెప్పండి."

బయటికొచ్చాక అలవాటు కొద్దీ నేను ఎడమ పక్కకు వెళ్లబోయాను. అక్క చెయ్యి పట్టి కుడి పక్కకు లాక్కుంది.

"ఇటు నడువే. నాకింకా భయంగానే ఉంది. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."