చెంచయ్య ముక్కుపొడి జాడీలు

తర్లుపాడు చెంచయ్యకు మార్కాపురం కూరగాయల మార్కెట్ పక్క సందులో ముక్కుపొడి దుకాణం ఉంది. దుకాణమంటే ఒక చెక్కబల్ల, దాని మీద ఒక గొడుగు, వెనకాల చెంచయ్య. వాళ్ల వాళ్లంతా గొర్రెలు కాసుకుంటుంటే వాళ్ల నాయన ఒక్కడే జీవాలమ్మేసి పొడి నూరడానికి కూర్చున్నాడు. కొడుక్కి అదే అబ్బింది.

ముక్కుపొడి చేయడం పెద్ద విద్యేమీ కాదని చెంచయ్యే ఒప్పుకుంటాడు. పొగాకు ఈనెలు తీసి, దోరగా వేయించి, నెయ్యి, సున్నపు తేట వేసి నూరితే అయిపోయింది. దాన్ని పస పోకుండా దాచడమే అసలు పని అంటాడు. ఎండ తగిలితే రంగు పోతుంది, గాలి తగిలితే ఘాటు పోతుంది, చెమ్మ తగిలితే ముద్దయి కూర్చుంటుంది. అందుకని ఇంట్లో వెలుతురు పడని మూల ఇసుక పోసి, తడిపి, అందులో పింగాణీ జాడీలను మెడదాకా పాతిపెట్టాడు. మూతికి మైనం పూసిన గుడ్డ, గుడ్డ మీద పలకరాయి మూత. ఈ సంగతి పొడి కొనేవాళ్లకే కాదు, టమోటాలకు వచ్చినవాళ్లకు కూడా చెప్పేవాడు. వాళ్లు కాసేపు విని టమోటాలు కొనుక్కుని పోయేవాళ్లు.

కరోనా రెండోసారి వచ్చిన ఏడు చెంచయ్యకు జ్వరం తగిలింది. జ్వరం పోయింది, దాంతోపాటు వాసన కూడా పోయింది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుందని చూశాడు. రాలేదు. ముక్కు పనిచేయని వాడి దగ్గర ముక్కుపొడి ఎవరు కొంటారు? ఈ మాట బయటికి పొక్కితే నాయన పేరూ తన దుకాణమూ ఒకే రోజు మూతపడతాయని అతనికి నిజంగా భయం వేసింది. అందుకని ఎవరికీ చెప్పలేదు. భార్య యశోదకు అసలే చెప్పలేదు.

రోజూ పొద్దున జాడీ మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఆడించి, మూత పెట్టేవాడు. రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి చూసి ధైర్యం తెచ్చుకునేవాడు. ఇంట్లో ఒకసారి పాలు మాడి పక్కింటివాళ్లు పరిగెత్తుకొస్తే, ఈయన గడప మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. కూరలకు వంకలు పెట్టడం మానేశాడు. వయసు మీద పడ్డాక మొగుడు దారికొచ్చాడని యశోద అనుకుంటోందనుకుని ఆయన సంతోషించాడు. ఆయనకు ఒక్కటే చిరాకు. ఈ మధ్య ఆమె అడుగు తడబడుతోంది. మూల ఊడవడానికని ఇసుకలోంచి తీసి పెట్టిన జాడీ తన్నేశానని, పొడి ఒలికిపోయిందని అప్పుడప్పుడు చెప్పేది. చూసుకుని నడవలేవా అని ఈయన గట్టిగానే కేకలేసేవాడు. ఆమె ఊడ్చుకుంటూ పోయేది.

మొన్న ఎండాకాలం కూతురు కవిత కాన్పుకని యశోద గిద్దలూరు పోయింది. ఆమె అటు పోగానే ఒక జాడీకి నిలువునా నెర్రె వచ్చింది. నెర్రె జాడీలో పొడి ఉంచితే గాలి దూరుతుందని చెంచయ్య హడావిడి పడి, అటక మీదున్న పాత జాడీ ఒకటి దించాడు. లోపల పూత ఎప్పుడో రాలిపోయింది. అది యశోద ఎండు రొయ్యలు దాచే జాడీ. తెలిసే దించాడు. బూడిదతో తోమి, వేణ్ణీళ్లతో కడిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, లోపల చెయ్యిపెట్టి చూసుకున్నాడు. కంటికి శుభ్రంగానే ఉంది. పొడి అందులో పోసి, మైనం గుడ్డ కట్టి, పలక మూత పెట్టి, శాస్త్రప్రకారం ఇసుకలో పాతాడు.

ఆ పొడి డబ్బాలో బల్ల మీదికి వచ్చిన రోజు మొదటి పట్టు ఆటో నడిపే పాపయ్యది. పాపయ్య పీల్చి, కాసేపు కదలకుండా నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎట్లుందని చెంచయ్య అడిగితే, బాగుంది మామా అని ఎప్పుడూ తీసుకునేంత తీసుకుని పోయాడు. పూలమ్మే వెంకటలక్ష్మమ్మ కూడా పీల్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బాగుందనే చెప్పింది. వచ్చినవాళ్లంతా అదే మాట. చెంచయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజుల్లో ఒక్కటే తేడా. బల్ల చుట్టూ పిల్లులు చేరాయి. ఎంత అదిలించినా పోవు. మార్కెట్లో పిల్లులు మరీ ఎక్కువైపోయాయని, మున్సిపాలిటీ వాళ్లు ఏం చేస్తున్నారని పక్క బల్ల ఆయనతో అన్నాడు. ఆయన అవునన్నట్టు తలూపి, తన కూరగాయల మీద నీళ్లు చల్లుకున్నాడు.

యశోద గిద్దలూరు బస్సు దిగి, సంచితో నేరుగా దుకాణానికి వచ్చింది. కూతురికి మగపిల్లాడని చెప్పబోయి ఆగిపోయింది. పిల్లుల వంక చూసింది, డబ్బా వంక చూసింది.

"నా రొయ్యల జాడీలో పోసినావా దీన్ని?"

చెంచయ్య గబుక్కున డబ్బా మూత పెట్టాడు. అప్పుడే పొడికని వచ్చిన పాపయ్య వెనక్కి తిరగబోయాడు.

"నువ్వన్నా చెప్పొచ్చు గదరా పాపయ్యా," అన్నాడు చెంచయ్య.

"నీ మొగం చూసి ఎట్ల చెప్పేది మామా. అత్త చెప్పొద్దనింది గదా," అన్నాడు పాపయ్య.

అప్పుడు తెలిసింది. పాలు మాడిన రోజే యశోద కనిపెట్టింది. బజారంతా తిరిగి, ఆయనకు వాసన తెలియదని, ఆ మాట ఆయన దగ్గర ఎత్తొద్దని, పొడి బాగాలేకపోతే తనతో చెప్పమని ఒక్కొక్కరికీ చెప్పుకుంది. ఆమెకు ముక్కుపొడి గిట్టదు. పెళ్లయిన నాటి నుంచి ఆ మూలకు పోయేది కాదు. అట్లాంటిది ఆయన లేవకముందే లేచి, ఒక్కో జాడీ మూత తీసి, వాసన చూసి, పస పోయినదాన్ని దిబ్బలో పోసి వచ్చేది. తర్వాత కాలు తగిలి ఒలికిందని చెప్పి తిట్లు తినేది.

చెంచయ్యకు సిగ్గు వేసింది. ఇసుక గురించీ పలక మూత గురించీ టమోటాల వాళ్లకు చెప్పిందంతా గుర్తొచ్చి ఇంకా సిగ్గు వేసింది. తను వేసిన కేకలు గుర్తొచ్చాక సిగ్గు కూడా చాల్లేదు. ఏడుపొచ్చింది. బజార్లో ఏడిస్తే బాగుండదని డబ్బా తీసుకుపోయి మురికి కాలవలో గుమ్మరించాడు. పిల్లులు కాలవ దాకా వెళ్లి చూసి వచ్చాయి.

మర్నాడు పొద్దున ఆయనే ముందు లేచి, ఇసుకలోంచి ఒక జాడీ తీసి, మూత విప్పి, యశోద ముందు పట్టుకున్నాడు.

"చూడు," అన్నాడు.

ఆమె వంగి వాసన చూసింది. తుమ్మింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎట్లుంది?"

యశోద ఆలోచించింది.

"పెండ్లి రోజు నువ్వు నా పక్కన కూర్చున్నప్పుడు నీ చొక్కా ఎట్ల వాసన కొట్టిందో అట్లనే ఉంది."

చెంచయ్య జాడీ అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"అప్పుడు గూడ నాకు కడుపులో తిప్పింది," అంది యశోద. "బాగుంది. అమ్ముకో పో."