కళ్లంలో దిగిన మందులపెట్టె

ఊళ్ళో అందరికీ నేను నర్సమ్మని. మా ఊరికీ మండలం ఆసుపత్రికీ మధ్య ఒక వాగుంది. వానల్లో దాని మీది చప్టా మునిగిందంటే, పిల్లల టీకాలు తేవడానికి స్కూటీ మీద చిలకలూరిపేట చుట్టి రావాల్సిందే. అందుకే డ్రోన్‌లో మందులు పంపి చూద్దామని డాక్టరుగారు అన్నప్పుడు అందరికంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

బడి దగ్గర కరెంటు తీగలు అడ్డమని, డ్రోన్ దిగడానికి ఊరి చివర మిరపకాయలు ఆరబోసే కళ్లం చూశారు. కళ్లం గలావిడ ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"మా కాయల మీద దించుతావా ఏంటి నర్సమ్మా?"

"లేదు పిన్నీ, ఖాళీగా ఉన్న ఈ మూలనే. పూచీ నాది."

డ్రోన్ వచ్చే రోజు కాయలు ఏరే కూలీలు, బడిపిల్లలు, పాస్టరుగారు, పూజారిగారు, అందరూ వచ్చేశారు. నేను మా ఇంటి తెల్ల దుప్పటి పరిచి మూలల్లో ఇటుకలు పెట్టాను. పత్తిచేల మీదుగా రొద వినపడగానే పిల్లలు ఈలలు వేశారు.

అది కిందికి వచ్చేకొద్దీ గాలి లేచింది. కళ్లంలో ఉన్న మిరపదుమ్మంతా లేపేసింది. ముందు పూజారిగారు తుమ్మారు. ఆ తర్వాత ఊరంతా.

ఫోన్లో డాక్టరుగారు, "చేరిందా అమ్మా?"

"హాచ్!"

"ఏమైంది? పడిపోయిందా?"

"లేదండీ... దిగింది... హాచ్!"

కళ్లం గలావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నీ పూచీ తగలెయ్య!" అని అరుస్తూనే, నవ్వాపుకోలేక కూలబడింది. రక్తపరీక్ష కోసం వచ్చిన నిండు గర్భిణి ఒకమ్మాయి పొట్ట పట్టుకుని, "అక్కా, ఇక్కడే కనేసేట్టున్నాను!" అంది.

రెక్కలు ఆగాక పెట్టె తెరిచాను. టీకా సీసాలు చల్లగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. డ్రోన్ ఎలాగూ తిరిగి వెళ్ళేదే కదా, ఖాళీగా పంపడం దేనికి? ఆ అమ్మాయి రక్తం తీసి, గొట్టాలు అదే పెట్టెలో సర్దాం. ఆమెకి ఆ గతుకుల దారిలో ఆటో ప్రయాణం తప్పింది, నాకు పెట్రోలు ఖర్చు తప్పింది. అది పైకి లేవబోతుంటే ఈసారి ఎవరూ చెప్పకుండానే జనం పరుగో పరుగు.

తర్వాత దిగే చోటు చర్చి ముందుకి మార్చాం. పాస్టరుగారి భార్య ముందుగానే నేలంతా నీళ్ళు చల్లి ఉంచేది.

వానాకాలం వచ్చింది, చప్టా మునిగింది. సరిగ్గా అప్పుడే, రిటైరైన మాస్టారు ఒకాయనకి ఇన్సులిన్ అయిపోయింది. కబురు పంపితే, వాన తెరిపివ్వగానే డ్రోన్ వచ్చింది. మాస్టారు గొడుగు వేసుకుని పైకే చూస్తూ, "నా ఒక్కడి కోసమేనా అమ్మా ఇదంతా?" అన్నారు.

"మీ కోసమేనండి."

డ్రోన్ వెళ్ళిపోతుంటే ఆయన పిల్లల మధ్య నిలబడి, కనుమరుగయ్యేదాకా టాటా చెబుతూనే ఉన్నారు.