ఇద్దరు అల్లుళ్ళు, చెరొక స్పీకరు

మొన్న ఆదివారం హనుమకొండలో మా అమ్మాయి వాళ్ళింటికి భోజనానికి పోతే, తిన్నది అరగకముందే మా అల్లుడు హాలు మధ్యలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, కాసేపు మెడ తిప్పకుండా ఉండమన్నాడు. ఫొటో తీస్తాడేమోనని జుట్టు సర్దుకున్నాను, సర్దుకోవడానికి పెద్దగా ఏమీ మిగలకపోయినా. తీరా చూస్తే ఫొటో కాదు. టీవీకి రెండు పక్కలా, మూలల్లో, చివరికి నా వీపు వెనక కూడా నల్లటి డబ్బాలు నిలబడి ఉన్నాయి. హోం థియేటరట. అతను ఫోనులో ఏదో నొక్కగానే ఒక్కో డబ్బా బళ్ళో హాజరు పలికినట్టు వంతులవారీగా కూసింది. ఏది దగ్గరుందో, ఏది దూరముందో, ఏది గట్టిగా మోగుతోందో, ఏది మెత్తగా పలుకుతోందో అదే కొలుచుకుని అదే సర్దుకుంటుందట. మనం చేయవలసిందల్లా కదలకుండా కూర్చోవడమే.

"ఎట్లున్నది మామయ్యా?" అని అడిగాడు.

బాగుందన్నాను. నిజంగానే బాగుంది. కానీ ఆ బాగుండడంలో నాకు మొదట గుర్తొచ్చింది మా షడ్డకుడి ముఖం. ఇది ఆయన ఇంట్లో ఉండి ఉంటే నేనేమైపోయేవాణ్ణి, ఇప్పుడు నా అల్లుడింట్లో ఉంది కదా, చూస్తే ఆయనేమైపోయేవాడు అన్న లెక్క నాకు తెలియకుండానే లోపల నడిచింది.

షడ్డకుడంటే భార్య అక్కకో చెల్లెలికో భర్త. పుస్తకాల్లో తోడల్లుడంటారు, వినడానికి తోడబుట్టినవాడిలా చల్లగా ఉంటుంది. మావైపు మాత్రం షడ్డకుడంటాం. పలికేటప్పుడే పంటి కింద రాయి తగిలినట్టుంటుంది. ఆ మాట పుట్టించినవాడికి కూడా తప్పకుండా ఒక షడ్డకుడు ఉండి ఉంటాడు.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్ చౌరస్తా దగ్గర మాది స్టీలు సామాన్ల దుకాణం. మా నాయన తొందరగా పోవడంతో మీసం సరిగ్గా రాకముందే గల్లా పెట్టె ముందు కూర్చున్నాను. షడ్డకుడిది హనుమకొండలో బట్టల దుకాణం. నా దుకాణంలో గరిటె కింద పడితే బజారంతా తిరిగి చూసేది. ఆయన దుకాణంలో తాను మీద తాను పడినా చప్పుడుండదు. మనుషులం కూడా అట్లాగే ఉండేవాళ్ళం, ఆయన మెత్తగా మాట్లాడి పని కానిచ్చుకునేవాడు, నేను గలగలమని చెడగొట్టుకునేవాణ్ణి. ఆయనకు స్కూటరు, నాకు సైకిలు. ఆయనకు ఉంగరాల జుట్టు, నాకు ఉంగరం మాత్రమే. అత్తగారింట్లో ఆయన పెద్దల్లుడు కాబట్టి విస్తరి మొదట ఆయన ముందు పడేది, గుత్తి వంకాయ నా దాకా వచ్చేసరికి కాయలు అయిపోయి, నాకు పెట్టుకోవడానికి వంక మాత్రం మిగిలేది.

మా మామది స్టేషన్ ఘన్‌పూర్‌లో వడ్ల వ్యాపారం, దానితోపాటు ఇంత పొలం, ఎవుసం. ఇద్దరు కూతుళ్ళ మధ్య, ఇద్దరు అల్లుళ్ళ మధ్య వెంట్రుకంత తేడా రాకూడదన్నది ఆయన పట్టుదల. ఒక అల్లుడికి ఏ అంచు ధోవతి పెడితే రెండో అల్లుడికీ అదే అంచు. మామిడిపండ్ల బుట్ట వస్తే రెండు బుట్టలూ ఒకే రైల్లో వచ్చేవి. తండ్రి లేనివాణ్ణి కాబట్టి ఆ సమానం నాకెంతో హాయిగా ఉండాలి, కానీ సమానంగా పంచినదంతా తిని కూడా ఆ చేతిలో చిటికెడు నాకే ఎక్కువ పడాలని కోరుకునే కడుపు నాది.

ఆ రోజుల్లో మాలాంటి దుకాణదార్లకు కొత్తగా పట్టిన పిచ్చి క్యాసెట్ డెక్కు. రేడియో రిపేరు చేసేవాళ్ళే ఆంప్లిఫయర్లు కట్టి ఇచ్చేవాళ్ళు. షడ్డకుడు ఒకటి కట్టించుకున్నాడని తెలిసిన వారంలోపే నేనూ కట్టించుకున్నాను, పాటల మీద ప్రేమతో అని ఇంట్లో చెప్పాను. ఇద్దరికీ లేనివి మంచి స్పీకర్లే. ఆ సంగతి కూతుళ్ళ ద్వారా ఘన్‌పూర్ చేరింది. దీపావళికి అల్లుళ్ళను పిలిచినప్పుడు మామ, సికింద్రాబాదులో ఏదో పని మీద పోయి తెచ్చిన పెద్ద అట్టపెట్టె మా ముందు పెట్టించాడు. అందులో టేకు రంగు చెక్కతో, బంగారు దారం మెరిసే ముదురు గోధుమ రంగు గుడ్డ ముఖంతో రెండు స్పీకర్లు కవలల్లా కూర్చుని ఉన్నాయి. మామ రెండు చేతులతో ఒకటి తీసి పెద్దల్లుడి ఒళ్ళో పెట్టి, రెండోది తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇద్దరల్లుళ్ళు, రెండు డబ్బాలు. ఎవలకు తక్కువ జెయ్యలే" అని తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

అవి రెండూ కలిసి ఒక జత అని, విడదీస్తే రెండూ దండుగ అని ఎవరు చెప్తారు? పెట్టిన చేతికి తప్పు చెప్పడం అల్లుళ్ళ మర్యాద కాదు. పైగా చెప్తే ఏదో ఒక ఒడిలోంచి మరో ఒడిలోకి ఒక డబ్బా పోవాలి. షడ్డకుడు నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను, ఇద్దరం మామకు దండం పెట్టాం. ఘన్‌పూర్ నుంచి ప్యాసింజరు బండిలో ఎదురెదురు సీట్లలో చెరొక స్పీకరు ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, అక్కాచెల్లెళ్ళు మా ఇద్దరినీ చూసి కొంగులు అడ్డం పెట్టుకుని దారి పొడుగునా నవ్వారు.

ఇక జత వెతుకులాట. కాశిబుగ్గలో మైక్ సెట్లు కిరాయికి ఇచ్చే ఒకాయన దగ్గర విడి స్పీకర్లు ఉన్నాయంటే పోయాను. బిందె కొనేవాళ్ళు వేలితో కొట్టి చెవి పెట్టి వింటారు కదా, జీవితమంతా ఆ చప్పుడు విన్నవాణ్ణి కాబట్టి నేను ఒక్కో డబ్బాను వేలి కణుపుతో కొట్టి చూశాను.

"శేటూ, గది బిందె గాదే, కొట్టి సూసుడేంది? పాట వెడ్త, ఇను" అన్నాడాయన.

అతని పాట నాకెందుకు? నా చెవి మీద నాకు నమ్మకం. ఒకదాన్ని ఎంచి దుకాణానికి తెచ్చి, స్టీలు తూచే కాంటా మీద ఒక పక్క మామ ఇచ్చినది, ఒక పక్క ఇది పెట్టాను. మా వ్యాపారంలో గిన్నె మంచిదా కాదా తేలేది బరువులోనే. కొత్తది తేలిపోయింది. వెనక చెక్క విప్పి, లోపల ఇనుప పట్టీలు బిగించి, ముల్లు నడిమికి వచ్చేదాకా సర్దాను. ముల్లు నిలబడింది, నేను మురిసిపోయాను. ఇంటికి తీసుకుపోయి పెడితే ఒక పక్క నుంచి పాట, ఇంకో పక్క నుంచి పెళ్ళి ఊరేగింపు. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఒకటేమొ మాట్లాడుతాంది, ఒకటేమొ కొట్లాడుతాంది. గివి మీ ఇద్దరి లెక్కనే ఉన్నయి గదా" అని లోపలికి పోయింది.

షడ్డకుడు ఎట్లా కుదుర్చుకున్నాడో చూడకపోతే నాకు ముద్ద దిగలేదు. ఏదో నెపం మీద హనుమకొండ పోయాను. ఆయన ఇంట్లో రెండు డబ్బాలు అక్షరాలా కవలలే! అదే రంగు గుడ్డ, అదే బంగారు దారం, ఎక్కడా తేడా లేదు. బట్టల వ్యాపారి కదా, తన దుకాణం నమూనాలన్నీ వెతికించి ఆ గుడ్డకు జోడైన గుడ్డ సంపాదించి రెండో దానికి తొడిగించాడు. పాట పెట్టాడు. నా చెవికది అమృతంలా వినిపించింది. ఈర్ష్య అన్న మాట మొదట్లోనే ఇంగ్లీషువాళ్ళ చెవి దాగి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నిజానికి అందులో ఒకటి ముక్కుదిబ్బడ వేసినట్టు పలికేదని, నా ఇంటికి వచ్చి పోయిన రోజున ఆయన కూడా అన్నం ముట్టలేదని చాలా ఏళ్ళ తరువాత వదినగారు చెప్తేగాని తెలియలేదు. బేసు కోసం పోయి ఇద్దరం బేసి అయిపోయాం.

ఇట్లా ఉండగా మామకు కంటి ఆపరేషన్ అన్నారు. రెండో కన్ను అప్పటికే అంతంతమాత్రం. పెద్ద దవాఖానలో ఆపరేషన్, ఆ తరువాత పట్టీ విప్పి చూపు కుదుటపడేదాకా ఊరికి పోకూడదు. ఆయన ఎక్కడుండాలి? ఆయన పద్ధతి ఆయనదే, సగం రోజులు పెద్దకూతురింట, సగం రోజులు చిన్నకూతురింట. కళ్ళు మూసుకుని మంచం మీదుండే మనిషికి కాలక్షేపం ఒక్కటే. ఆయన వయసులో ఉన్నప్పుడు వాళ్ళ అన్నతో కలిసి ఊళ్ళో చిరుతల భజన ఆడించేవాడు. చిరుతలంటే రెండు చేతుల్లో చెక్క తాళాలు. ఒక వరుస పాడుతుంటే ఎదుటి వరుస అందుకునేది. ముసలితనంలో చివరిసారి ఆ అన్నదమ్ములు ఎదురెదురు వరుసల్లో నిలబడి పాడినప్పుడు ఎవరో బంధువు నడుమ టూ ఇన్ వన్ పెట్టి క్యాసెట్ పట్టాడు. ఆ మరుసటి ఏడు అన్న పోయాడు. మామ ఆ క్యాసెట్ రుమాల్లో చుట్టుకుని దవాఖానకు వచ్చాడు.

నాకు కావలసింది ఒక్కటే మాట. "చిన్నల్లుని ఇంట్ల మంచిగ ఇనబడ్డది" అని ఆయన నోటి నుంచి రావాలి, అది హనుమకొండ దాకా పోవాలి. మొదటి సగం షడ్డకుడి వంతు కావడంతో ఆ రోజులన్నీ నేను దుకాణంలో కూర్చుని కాలిపోయాను. అక్కడ ఆ కవలలు ఆయన చెవిలో తేనె పోస్తూ ఉంటాయి, ఇక నా ఊరేగింపు ఏం వింటాడు? కనబడినవాడినల్లా అడిగి తీగెలు అటుదిటు, ఇటుదటు మార్చాను. డబ్బా కింద దిండు పెట్టాను. లోపల దూది కుక్కాను. ఏం చేసినా ఒక వరుస ఇంట్లో, ఇంకో వరుస వీధి చివర పాడుతున్నట్టే ఉంది.

మామ మా ఇంటికి మారే రోజు వచ్చింది. రిక్షా ఆగింది, మా ఆవిడ తండ్రి చెయ్యి పట్టుకుని దింపింది. వెనకే ఇంకో రిక్షా. అందులో షడ్డకుడు, ఒళ్ళో గోనెపట్టా చుట్టిన ఏదో మూట. తన గొప్ప నా ఇంటికే తెచ్చి చూపిస్తాడా అని నాకు ఒళ్ళు మండింది. ఆయన లోపలికి వచ్చి పట్టా విప్పి, మామ ఇచ్చిన స్పీకరును తీసి, నా గోడ దగ్గరున్న దాని జోడు పక్కన పెట్టాడు.

"తమ్మీ, నీ ఊరేగింపు డబ్బ జర పక్కకు వెట్టు. మామ మన మీద కోపం మీదున్నడు" అన్నాడు నవ్వుతూ.

సంగతేమిటంటే, క్యాసెట్ పెట్టిన మొదటి పూటే మామ, తన వరుస దగ్గర వినబడుతోందని, అన్న వరుస గోడ అవతల పాడుతోందేమని అడిగాడట. రోజూ అదే అడుగుతుంటే ఇక దాచలేక షడ్డకుడు జత విడిపోయిన సంగతి చెప్పాడు. మామ మంచం మీద లేచి కూర్చున్నాడట. ఆ మిగిలిన కోపం నా ఇంట్లో దింపాడు.

"ఎడ్లను కొంటే జోడి ఇడగొడ్తమా? నాకెర్క లేక ఇడగొట్టిన, మీకు నోర్లు లెవ్వా? ఇద్దరు శేట్లు, ఇద్దరికి తెల్వదా?"

నేను నా ఊరేగింపు డబ్బాను పక్కకు జరిపాను. షడ్డకుడు తీగెలు బిగించి క్యాసెట్ పెట్టాడు. చిరుతల చప్పుడు గదికి ఆ చివర, ఈ చివర సమానంగా లేచింది. ఒక వరుస అడిగింది, ఒక వరుస అందుకుంది. మామ కళ్ళ పట్టీతోనే ముఖాన్ని నెమ్మదిగా ఎడమ పక్కకు తిప్పి, ఆ డబ్బా వైపు వేలు చూపించి, "మా అన్న గాడనే నిలవడేటోడు" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

మామ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చూడడానికి బంధువులు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళందరికీ ఆయన క్యాసెట్ వినిపించేవాడు. విన్నవాళ్ళందరితో నేను కోరుకున్న మాటే అనేవాడు, చిన్నల్లుని ఇంట్ల మంచిగ ఇనబడుతాందని. ఆ మాట అన్న నోటితోనే, ఊపిరి తీసుకోకుండా, "పెద్దల్లుడు తెచ్చిచ్చిండు గావట్టి" అని కలిపేవాడు. నా ఇల్లు, నా డెక్కు, నా కరెంటు, నా ఆవిడ కాచిన చాయ్, పేరు మాత్రం ఆయనకు. జుట్టులో మించాడు సరే, స్కూటరులో మించాడు సరే, ఇవ్వడంలో కూడా నాకంటే ముందు రిక్షా ఎక్కాడే అని నాకు పడిన కుళ్ళు అంతకుముందు పడినవాటికి పెద్దన్న. మామ ఊరికి పోయిన మరునాడే రెండు డబ్బాలూ రిక్షాలో పెట్టుకుని హనుమకొండ పోయి ఆయన ఇంట్లో దింపి వచ్చాను. వదినగారు కన్నీళ్ళు పెట్టుకుని మెచ్చుకుంది. షడ్డకుడి ముఖం మాడింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

ఆ తరువాత ఆ జత ఏళ్ళ తరబడి రెండు ఊళ్ళ మధ్య తిరిగింది. బోనాలకు ఆయన పంపిస్తే దసరాకు నేను తిప్పి పంపేవాణ్ణి. ఎవరి ఇంట్లో మిగిలిపోతే వాళ్ళు ఓడిపోయినట్టు. పాట వినాలంటే రెండో ఇంటివాళ్ళు రావలసిందే, వస్తే భోజనం పెట్టవలసిందే, తిన్నాక నీ ఆంప్లిఫయరు గురక పెడుతోందని ఒకరినొకరు అనుకోవలసిందే. పిల్లలు ఆ రెండు డబ్బాల నడుమ పడుకుని పెరిగారు.

ఇప్పుడు మా అల్లుడి డబ్బాలు వాటంతట అవే జత కుదుర్చుకుంటున్నాయి, ఎవరి ఇంటికీ పోయి ఎవరినీ అడగనక్కరలేదు. అంత గొప్ప సంగీతం మోగుతుంటే పక్కింటి కిటికీ కూడా తెరుచుకోలేదు. వాళ్ళకూ ఒకటి ఉందట, చెవుల్లో పెట్టుకునేవి వేరే ఉన్నాయట. అల్లుడికీ ఒక షడ్డకుడు ఉన్నాడు, నా రెండో అల్లుడే, ఇద్దరూ ఒకే రకం సెట్టు ఒకే రోజు తెప్పించుకున్నారు, ఒకరి ఇంట్లోది ఒకరు ఇంతవరకు వినలేదు. మా షడ్డకుడు పోయి రెండేళ్ళు దాటింది. మంచిదేదైనా ఇంటికి వస్తే ఆయనకు ఎట్లా తెలియజేయాలా అని ఇప్పటికీ ఒక క్షణం ఆలోచిస్తాను. కుర్చీ మంచి చోటే వేశాడు అల్లుడు, అన్ని పక్కల నుంచి సమానంగానే వినబడుతోంది. కుళ్ళుకునేవాడు ఒక్కడు పక్కన లేక, విన్నది ఎంత బాగుందో నాకు సరిగ్గా తేలలేదు.