ప్రేమ్‌చంద్ కొన్న ప్రాసెసర్

మా ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో పత్తి తూకాలు రాసే ప్రేమ్‌చందన్న చెప్పులు కొనాలన్నా వారం తిరుగుతాడు. నాలుగు షాపులు చూసి మళ్ళీ మొదటి షాపుకే వస్తాడు. అలాంటి మనిషికి కంప్యూటరు కొనే పని పడింది, అదీ ఇరవై రోజుల గడువులో.

ఆయన భార్య ఎలీసబెతుకు గొంతులో గడ్డ. కరీంనగర్‌లో ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేమన్నారు. వాళ్ళమ్మ కట్టిన పదకొండు ప్రార్థన పాటలు ఆమె ఒక్కదానికే వచ్చు. మాటలు నోటుబుక్కులో ఉన్నాయి గానీ రాగాలు ఎక్కడా లేవు. వాటిని మంచిగా రికార్డు చేయాలని ఈయన ఆరాటం.

"ఫోన్ల చేస్తే కాదా అన్నా?" అన్నాను.

"ఒక్కసారే దొరుకుతది తమ్మీ. గట్టిది కావాలె."

పన్నెండు రోజులు ఐ3, ఐ5, ఐ7 అంటూ ప్రాసెసర్ల పేర్లతో నా ప్రాణం తీశాడు. టిఫిన్ డబ్బా తెరిచి, తినకుండా కోర్లు లెక్కపెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది. చివరికి అనుకున్న బడ్జెట్ దాటి ఐ7 తెచ్చాడు.

ఒకటే గది, రేకుల కప్పు, ఏప్రిల్ ఎండ. చప్పుడు పడకూడదని సీలింగ్ ఫ్యాను ఆపాడు. గది ఉడికింది, ప్రాసెసర్ వేడెక్కింది, దాన్ని చల్లార్చే ఫ్యాను రయ్యిమని లేచింది. తిరిగి వింటే ఆ మోతే ఉంది, మనిషి గొంతు లేదు. ఎలీసబెతు ఇంకా గట్టిగా పాడింది. దగ్గు తెర వచ్చింది. రెండు రోజులు మాట పెగల్లేదు.

షాపుకు నేనూ వెళ్ళాను.

"ఏం పనికని మూడుసార్లు అడిగిన సార్," అన్నాడు షాపతను అంబదాస్. "మీరు చెప్పలే, పెద్దదే కావాలన్నరు. ఒక్క గొంతు రికార్డుకు గింత ఎందుకు? తక్కువ కరెంటు తినే చిన్న ప్రాసెసర్ చాలు. వేడెక్కదు, చప్పుడు రాదు."

బయటికి వచ్చాక, "ఎందుకు చెప్పలే అన్నా?" అని అడిగాను.

"చెప్తే గొంతు పోతదన్న మాట నిజమైతదేమోనని భయమైంది తమ్మీ."

ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

అంబదాస్ దాన్ని చిన్న ప్రాసెసర్‌కు మార్చి ఇవ్వడానికి నాలుగు రోజులు పట్టింది. గడువులో రెండు రోజులే మిగిలాయి. రోజుకు రెండు పాటలకే ఆమెకు ఓపిక. నాలుగు పాటలు శుభ్రంగా వచ్చాయి. ఏడు మిగిలిపోయాయి.

కరీంనగర్‌కు నేనూ తోడు వెళ్ళాను. బస్సు మోతలో ఫోను పట్టినా లాభం లేదు. ఎలీసబెతు భర్త చెవి దగ్గరికి జరిగింది. "నా ఎంట అను," అంది. చర్చి ఆరాధనలో కూడా పెదాలు మాత్రమే కదిలించే మనిషి, బస్సంతా తిరిగి చూస్తుండగా పాడాడు. తప్పు పోయినప్పుడల్లా ఆమె ఆయన మోకాలి మీద తట్టింది.

మర్నాడు ఆపరేషన్ థియేటరు ముందు చివరి పాట రెండో చరణం తప్పాడు. స్ట్రెచర్ మీంచే ఆమె సరిదిద్దింది.

"ఇంకొక్కసారి చెప్పు," అన్నాడు.

నర్సు తలుపు వేసింది. ప్రేమ్‌చందన్న ఆ తలుపుకు ముఖం ఆనించి పాడాడు. తప్పుంటే లోపల్నుంచి చెబుతుందేమోనని ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి పాడాడు.