డాక్టరు గారి ఆదివారం క్లాసు

గురజాలలో డాక్టర్ అమర్నాథ్ గారికి అరవై దగ్గరపడ్డాక క్లాసుల మీద మోజు పుట్టింది. రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే డాక్టర్లు కొన్ని గంటలు కొత్త పాఠాలు వినాలి. ఇంట్లో కూర్చుని ఫోనులోనే వినొచ్చు. ఆయన ఒకసారి విన్నారు. చెప్పేవాడు తప్పు చెబుతున్నాడని ఫోనుతో కాసేపు పోట్లాడి, ఆపైన నిద్రపోయారు. అప్పటినుంచి నెలకో ఆదివారం నరసరావుపేట బస్సెక్కడమే. అక్కడ ఓ హోటల్ హాల్లో చుట్టుపక్కల ఊళ్ళ డాక్టర్లు చేరతారు. పాఠం అయ్యాక భోజనాల దగ్గర, తమకు అంతుబట్టని జబ్బుల గురించి ఒకరిమీద ఒకరు విసుక్కుంటూ మాట్లాడుకుంటారు. అసలు చదువు అక్కడే ఉందని, సాంబారు చల్లారినా ఆయన లేవరు.

చిక్కంతా ఆయన భార్య వరలక్ష్మి గారు ఆస్పత్రి తలుపుకు తగిలించిన అట్టతో వచ్చింది. 'డాక్టరు గారు క్లాసుకు వెళ్ళారు' అని రాశారావిడ. దాంతో ఆయనకు ఏదో సబ్జెక్టు మిగిలిపోయిందని, ఇన్నేళ్ళకు మళ్ళీ పరీక్షకు కట్టారని ఊరంతా పాకింది. రోగులు కూర్చునే బల్లలు ఖాళీ అయ్యాయి. ఆవిడ 'క్లాసు' కొట్టేసి 'మీటింగు' అని రాశారు. ఏ పార్టీ మీటింగని అడిగి, మిగిలినవాళ్ళలో సగంమంది అలిగారు. ఇక బుద్ధిగా ఫోనులోనే చదువుకోమని ఆవిడ తేల్చి చెప్పేశారు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

ఆ వారమే రామాయమ్మ వచ్చింది. షుగరుకు ఏళ్ళ తరబడి ఆయన మందులే వాడుతున్న పెద్దావిడ. ఆమె మానేస్తే ఆమె బజారంతా మానేసినట్టే. కూర్చోకుండానే అడిగింది.

"ఏ సబ్జెక్టు పోయింది నాయనా?"

"అన్నీ ఎప్పుడో పాసయ్యాను పిన్నీ. పాఠాలే మారుతున్నాయి."

"మారితే మాకేంది?"

ఆయన, అన్నానికి ముందు చెమటలు పట్టి కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగారు. చానా రోజులనుంచీ అంతేనంది. వేలు గుచ్చి పరీక్ష చేస్తే షుగరు బాగా తక్కువుంది. పెద్ద వయసువాళ్ళకు షుగరు మరీ దించకూడదన్న వినుకొండ డాక్టరుతో, మొన్న భోజనాల దగ్గర వాదించి ఓడిపోయి వచ్చారాయన. ఒక బిళ్ళ తీసేశారు.

"అయితే ఇన్నాళ్ళూ చదవకుండానే ఇచ్చావా?" అంది రామాయమ్మ.

ఆయన స్టెతస్కోపు సర్దుకున్నారు. కానీ బిళ్ళ తగ్గించే డాక్టరును ఆమె అంతవరకూ చూసి ఎరగదు. వారం తిరక్కుండా కళ్ళు తిరగడం ఆగింది. ఆ సంగతిని బస్టాండు దాకా తనే మోసుకెళ్ళింది. తర్వాతి నెల క్లాసుకు డాక్టరు గారిని వరలక్ష్మి గారే బస్సెక్కించారు.

మర్నాడు బల్లల మీద చోటు లేదు. అందరికీ బిళ్ళలు తగ్గాలనే ఆశ. మోకాళ్ళ నొప్పులతో వచ్చిన అలీ సాహెబ్ మాత్రం లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగాడు.

"మోకాళ్ళ పాఠం అయిందా సార్?"

"లేదు. వచ్చే నెల."

"అయితే అప్పుడే వస్తా" అని, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.