సోలార్ ప్లేట్లకు గడప పసుపు

విమానాశ్రయం వాళ్లు మా కరెంటు అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు అచ్చంపేట దగ్గర ఎర్ర చెలకల్లో పెట్టిన చిన్న సోలార్ కేంద్రం మాది. నేను దానికి మేనేజర్ని. మా కరెంటు కొనే నూలు మిల్లు ఉన్నట్టుండి మూతపడింది. ఇంకెవరూ కొనకపోతే కేంద్రం మూసేయడమేనని యజమాని తేల్చి చెప్పేశాడు. సరిగ్గా అప్పుడు ఫోన్ వచ్చింది. ఏటా ఎండాకాలం పగటిపూట ఏసీల వాడకం పెరిగి ఉన్న సరఫరా సరిపోవడం లేదట, అదనంగా ఇవ్వగలరా అని అడిగారు. ఇస్తామని చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. విమానం ఎక్కిన ముఖం కూడా కాదు నాది.

మాది నకిరేకల్. అచ్చంపేట పక్క ఊరికి మా చిన్నమ్మను ఇచ్చారు. ఆ ప్లేట్ల కింది నేల ఆమెదీ, ఆ ఊరివాళ్లదీ. జొన్నా ఆముదమూ వేసుకుని, పంట తీశాక గొర్రెల్ని తోలుకున్న చెలకలవి. కౌలుకు తీసుకునేటప్పుడు కంపెనీ ఇంటికొక ఆడమనిషికి పనిస్తానంది. ప్లేట్ల మీద దుమ్ము కడిగే పని. చిన్నమ్మ ఆ జట్టుకు పెద్ద. కేంద్రం నడిస్తే వాళ్లకు పని ఉంటుంది, మూతపడితే ఇనుప కంబాలు పాతిన నేల మిగులుతుంది, దున్నడానికీ పనికిరాదు, మేపడానికీ పనికిరాదు. అందుకే ఆ కాంట్రాక్టు కోసం నేను అంత పాకులాడాను. నా జీతం సంగతి తర్వాత.

సంతకాలకు ముందు విమానాశ్రయం వాళ్లు ఒకసారి వచ్చి చూస్తామన్నారు. మేం చెప్పినంత కరెంటు మధ్యాహ్నం ఎండలో నిజంగా వస్తోందో లేదో వాళ్ల కళ్ల ముందే మీటరు చూపించాలి. ఆ రోజు దసరా వెళ్లిన వారంలో పడింది. ముందురోజు చిన్నమ్మకు గట్టిగా చెప్పాను.

"రేపు పెద్దసార్లు వస్తున్నరు చిన్నమ్మా. ప్లేట్లు మెరవాలె."

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. పెండ్లిపిల్ల లెక్క తయారు చేస్తం," అంది.

పెండ్లిపిల్ల అన్న మాట దగ్గరైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మర్నాడు పొద్దున నేను అచ్చంపేటలో అతిథులకు టిఫిన్లు పురమాయించి, వాళ్లకంటే ముందుగా కేంద్రానికి చేరాను. గేటు దగ్గర బండి దిగి, ఒక అడుగు వేసి ఆగిపోయాను. నీలంగా ఉండాల్సిన వరుసలు పచ్చగా ఉన్నాయి. పని చేసే ఆడవాళ్లే కాదు, ఊళ్లోని ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని వరుసల మధ్య తిరుగుతున్నారు. ప్రతి ప్లేటు కింది అంచుకీ ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు వెడల్పున పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు. ఇంటి గడపకు ఎలా పూస్తారో అచ్చం అలాగే. మీటరు దగ్గరికి పరుగెత్తాను. ఆ వేళకు రావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ప్లేటుకు కింది అంచు మూసుకుపోతే మొత్తం ప్లేటు కుంటుతుంది, ఆ సంగతి నాకు తెలుసు.

"ఏం పని జేసినవ్ చిన్నమ్మా గిది?"

ఆమె పసుపు చేతులతోనే నా వైపు తిరిగింది. ముఖం వెలిగిపోతోంది. "మంచి పని మొదలుపెట్టేటప్పుడు గడపకు పసుపు పుయ్యరా? ఎండ లోపలికి వచ్చేది గీ అద్దంలకెల్లే గద. ఇగ గిదే గడప. మంచు పడితే కారిపోతదని మంచినూనెల కలిపిన. జల్ది పోదు."

జల్ది పోదట. ఆ మాట విని నేను నేల మీద కూలబడ్డాను. తిట్టాలో ఏడవాలో తెలియలేదు. ఆమెకు నా ముఖం చూశాక గానీ ఏదో తప్పు జరిగిందని అర్థం కాలేదు. కరెంటు సగానికి పడిందని చెప్పాను. ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"మా చేతులారా మేమే చెడగొట్టుకున్నమా బిడ్డా?" అంది.

అప్పుడే కార్లు వచ్చాయి. నెరిసిన జుట్టు అధికారి ఒకరు, ఆయన వెంట ఇంజనీరు. ఇంజనీరు పచ్చటి వరుసలను చూసి నోరు తెరిచాడు. అధికారి నేరుగా మీటరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పేశాను, దాచడానికి ఏముందక్కడ. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "మధ్యాహ్నం దాకా ఉంటాం. చూద్దాం," అన్నాడు.

చిన్నమ్మ అది విన్నది. వెనక్కి తిరిగి ఊరి ఆడవాళ్లను ఒక్క కేక వేసింది. కుంకుడు రసం వచ్చింది, గిన్నెలు తోమే సబ్బు వచ్చింది, బిందెలు వచ్చాయి. గుడ్డలు చాలకపోతే కొంగులు ముంచి తుడిచారు. పొద్దుటి నుంచి ఎంత ప్రేమగా పూశారో అంత కసిగా తుడిచారు. పసుపు నీళ్లు కాలువలు కట్టి ఎర్రమట్టిలోకి ఇంకిపోయాయి. నేను మీటరును చూస్తూ నిలబడ్డాను. ఒక వరుస తేలితే అంకె కాస్త లేచేది, ఇంకో వరుస తేలితే మరికాస్త. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మేం చెప్పిన అంకె దాటిపోయింది. నా కళ్లను నేనే నమ్మలేదు. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. అధికారి చిన్నమ్మ ఉడకబెట్టి తెచ్చిన పెసర గుడాలు తిని, ఇలాంటిది ఎక్కడా చూడలేదమ్మా అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

కాంట్రాక్టు మాకే వచ్చింది. ఆ కబురు విని ఆఫీసులో గంతులు వేశాను, మేనేజర్నన్న సంగతి కూడా మర్చిపోయి. తర్వాత షరతులు చదివాను. ఒక షరతు దగ్గర ఆగి, తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. ప్లేట్లను యంత్రమే శుభ్రం చేయాలి, వాటి మీద మనుషుల చెయ్యి పడకూడదు.

వెంటనే అధికారికి ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "ఆ రోజు మీవాళ్ల చేతుల వల్లే సగానికి పడింది, మీవాళ్ల చేతుల వల్లే లేచింది. అంత హెచ్చుతగ్గులు విమానాశ్రయానికి పనికిరావు కదమ్మా," అన్నాడు. నేను బతిమాలాను, వాదించాను, చివరికి గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. యజమాని మాత్రం ఒప్పుకుంటావా, మూసేయమంటావా అని ఒక్క ముక్క అడిగాడు. ఒప్పుకున్నాం.

ఊళ్లోకి వెళ్లేసరికి చిన్నమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. కాంట్రాక్టు వచ్చిందని చెప్పగానే చాట పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది.

"సల్లటి మాట చెప్పినవ్ బిడ్డా. మరి రేపు మేము ఎన్ని గంటలకు రావాలె?"

దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నా వైపు చూసింది. అది కోపమైతే నేను తట్టుకునేదాన్ని. ఆమెకు నమ్మకం కుదరలేదు, అంతే. తన చేనులో తనను చెయ్యి పెట్టొద్దనడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. నిజానికి నాకూ అర్థం కాలేదు.

యంత్రాన్ని లారీలోంచి దించిన రోజున గేటు దగ్గర గొడవ వినిపిస్తే వెళ్లాను. కాపలా మనిషి చిన్నమ్మను ఆపుతున్నాడు. ఆమె చేతిలో పసుపు గిన్నె ఉంది.

"కొత్త మిషన్ వచ్చిందంట గద. దానికి జర పూసి పోదామని వచ్చిన," అంది. గిన్నె నా ముందుకు వంచి చూపించింది. "గీసారి నూనె పొయ్యలే బిడ్డా. నీళ్లల్లనే కలిపిన. తుడిస్తె పోతది."